రత్నం సాబ్ లారీ ముక్కు దించిన సంగతి

2022లో చెరకు నరుకుడు మొదలైన రోజులు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద మాది కమాన్ల షాపు, తాతల నాటి పని. కమాన్ అంటే లారీ బరువు మోసే వంపు ఇనుప పట్టాల కట్ట. మా దగ్గరకు వచ్చే ప్రతివాడూ అడిగేది ఒకటే: ఇంకో పట్టా ఎక్కించు, ఇంకాస్త లోడు మోయాలి. బండి ఎత్తు పెంచడం నిద్రలో లేపి అడిగినా చేస్తాను. దించమని అడిగింది మాత్రం వెంకటరత్నం గారొక్కరే.

ఆయనది బోధన్ దగ్గర కాలువ కింద సేద్యం. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మేమంతా రత్నం సాబ్ అంటాం. ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ ఆయనది. కొన్ననాటి నుంచి దాని స్టీరింగు ఇంకొకరి చేతికివ్వలేదు. అలాంటిది ఆ రోజు లారీని కిరాయి డ్రైవర్ తోలుకొచ్చాడు, సాబ్ వెనకాల ఆటోలో వచ్చి దిగారు. డ్రైవర్‌ను చాయ్‌కి పంపి, గొంతు తగ్గించి చెప్పారు.

"యూసుఫ్ భాయ్, దీని ముక్కు కాస్త కిందకి దించాలయ్యా."

"చెరుకేసే బండిని దించుడేంది సాబ్? నన్ను పరేషాన్ జేస్తున్నరు."

"మోకాళ్ళు లేవటం లేదు. పోయినేడాది ఎలాగో తంటాలు పడి ఎక్కా, ఇప్పుడు అదీ కావటం లేదు."

"గంతేనా? కింద ఇంకో మెట్టు వెల్డింగ్ గొడ్త. గంట పని."

"మెట్టు పెట్టిస్తే కాటా దగ్గర నలుగురూ చూస్తారు. ముసలాడి పనైపోయిందంటారు. బండి నాలుగు వేళ్ళు దిగితే ఎవడికి తెలుస్తుంది? ఈ సీజన్‌కి నా బండి నేనే తోలాలి."

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు చివుక్కుమంది. చెరకు బండ్లన్నీ తూకానికి నిలబడే ఆ కాటా దగ్గర ఆయన మాటకు ఎంత విలువో నాకు తెలుసు.

దించడానికి మూడు దారులున్నాయి. ఒకటి, కట్టలోంచి పట్టాలు తీసేయడం. తొందరగా అవుతుంది గానీ, లోడు పడ్డాక ఆక్సిల్ వెళ్ళి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది. రెండోది, ఆక్సిల్‌నే కాల్చి వంచడం. బండి బాగా దిగుతుంది, కానీ కాల్చిన ఇనుము ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. చెరకు బండికి ఆ పని చేయడం కొరివితో తల గోక్కోవడమే. మూడోది, కన్ను తిప్పడం. పైపట్టా కొసలు గుండ్రంగా చుట్టి ఉంటాయి, వాటిని కన్ను అంటాం. అది పైకి చుట్టి ఉంటుంది. దాన్ని కిందికి చుట్టించి బిగిస్తే బలం పోకుండా ముక్కు దిగుతుంది. మూడోదే చేద్దామన్నాను. సరిపోకపోతే ఒక్క పట్టా తీద్దామనుకుని, చివరికి అదీ తీశాను.

బండి తయారైన రోజు సాబ్ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నారు. ఆ ముఖం చూడాలి, పెళ్ళికొడుకే. ఖాళీ బండిని బైపాస్ దాకా తోలి తిరిగొచ్చారు. "స్టీరింగు వెన్నలా తిరుగుతోందయ్యా. ఇరవయ్యేళ్ళు వెనక్కి పోయా" అన్నారు.

ఆయన పక్కన కూర్చుని నేను బండి పోకడే చూస్తున్నాను. దారంతా బండి తన ఇష్టమొచ్చినట్టు పక్కలకు లాగుతూనే ఉంది. ముక్కు దిగితే చక్రం వాలు మారుతుంది, దాన్ని కాస్టర్ అంటాం. అది తగ్గితే స్టీరింగు తేలికవుతుంది, కానీ బండి తిన్నగా పోదు. ఆయన మురిసిపోయిన ఆ తేలికే అసలు లోపం. కమాన్ కింద వెడ్జీలు, అంటే ఏటవాలు ఇనుప చెక్కలు పెట్టి వాలు సరిచేశాను.

"ఇగ స్టీరింగు ఎన్కటి లెక్కనే బరువుంటది సాబ్."

"వెనకటి బరువుతో తోలిందీ నేనే కదయ్యా" అని నవ్వి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆటోలో వచ్చారు. ఒక్క రోజులో మనిషి వాడిపోయాడు.

"ఆ చెక్కలు తీసెయ్ భాయ్."

"ఏమైంది సాబ్?"

"లోడుతో కాటా దగ్గర మలుపు తిప్పలేకపోయా. బండి దారికి అడ్డంగా ఆగిపోయింది. వెనకాల లైనంతా హారన్లు. చివరికి డ్రైవర్‌ని పిలిస్తే వాడొచ్చి తిప్పాడు. మోకాళ్ళొక్కటే అనుకున్నా, చేతులూ పోయాయి."

"తీస్తే మీకు తేలికైతది, గని బండి మీ మాట ఇనది. దారెంబడి బడి పిల్లలు పోతుంటరు సాబ్. నేను తియ్య."

"నీ కాళ్ళ మీద పడాలా?"

ఆయన అంత మాటన్నా వెడ్జీలు తీయలేదు. ఆయన ఆటో ఎక్కి, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయారు.

సీజన్ సగంలో లారీ మళ్ళీ వచ్చింది. డ్రైవర్ తోలుతుంటే సాబ్ పక్కసీట్లోంచి సులువుగానే దిగారు.

"కన్ను మళ్ళీ పైకి తిప్పెయ్. తీసిన పట్టా పెట్టెయ్. గుంతల్లో ముందుభాగం కొట్టుకుంటోందంట. తోలేవాడు కుర్రాడు, ఎంత ఎత్తయినా ఎక్కుతాడు."

"మరి మీరెట్ల ఎక్కుతరు సాబ్?"

"నాకందులో ఏం పనయ్యా ఇక?"

పనయ్యేదాకా షాపు ముందు కుర్చీలో కూర్చున్నారు. ఇక అక్కర్లేని వెడ్జీలు కూడా తీసి జాకీ దించగానే ముక్కు మునుపటి ఎత్తుకు వచ్చి నిలబడింది. ఆయన ఒకసారి బానెట్ మీద చెయ్యి వేసి, ఆటో కోసం రోడ్డు దాటారు.

ముక్కు దించిన బండికి ఎవరు అడిగినా వెడ్జీలు తీయను. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇప్పుడు ఎవరి బండికైనా పానా పట్టకముందే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, లోడు బండి స్టీరింగు తిప్పి చూడమంటాను. రత్నం సాబ్‌ను ఆ మొదటి రోజే నా భుజాల మీద మోసైనా ఎక్కించి తిప్పించాల్సింది. తన చేతులు పోయాయన్న సంగతి ఆయనకు మా షాపులో, నా ఒక్కడి ముందు తెలిసేది. కాటా దగ్గర ఊరందరి ముందు కాదు.