డబ్బా చదవని మేస్త్రీ

మా రంగుల మేస్త్రీ డబ్బా మీద పేరు ఏనాడూ చదవలేదు. చదువు రాక కాదు. "పేరు చదివి పూసేవాడు పెయింటరు కాదు, గుమాస్తా" అనేవాడు. మూత తీసి, కర్రతో కలిపి, ఒక్క చూపు చూసేవాడు. ఆ చూపు మీదే ఇల్లు గడిచింది.

ఆ మధ్య ఒక ఇంటివాళ్ళు హాలు గోడకి రంగు ఎంచుకోవడంలోనే వానాకాలమంతా గడిపేశారు. అయ్యగారు మెచ్చింది 'అరణ్య సంధ్య', అమ్మగారు మెచ్చింది 'దాల్చిన మౌనం'. పేర్లు కంపెనీ వాళ్ళ కవిత్వం. రెండూ ముదురు గోధుమ రంగులే, రెండోదానిలో చిటికెడు ఎరుపు ఎక్కువ. ఆ చిటికెడు కోసం అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నంత రభస. ఎవరూ తగ్గక రెండు రంగులూ కొనేశారు. చివరికి అమ్మగారు గెలిచారని వేరే చెప్పాలా?

సాయంత్రానికి గోడ పూర్తయింది. దంపతులు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"చూశారా, ఆ కిటికీ పక్కన ఎంత వెచ్చగా ఉందో! మీ రంగు వేసుంటే గుహలా ఉండేది."

"ఒప్పుకున్నానుగా" అన్నారు అయ్యగారు, ఓటమిని హుందాగా మింగుతూ.

వాళ్ళు లోపలికి వెళ్ళాక మేస్త్రీ భార్య గరుకు కాగితం పక్కన పెట్టింది. గోడలు నునుపు చేసే పని ఆమెది.

"ఏమయ్యా, కిటికీ పక్కన ఏం పూశావు?"

"అదేనే."

"అదెట్లా అవుతుంది? అది అయ్యగారి రంగు."

"నీకు కళ్ళు పోయాయే."

"మనిద్దరిలో ఎవరికో పోయాయిలే."

మేస్త్రీ రెండు రంగుల డబ్బాలూ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. రెండూ ఒకటే. జీవితంలో మొదటిసారి, కిటికీ పక్కన పూసిన డబ్బా తిప్పి పేరు చదవబోయాడు. అక్షరాలూ మసకే. ఆమె చదివి పెట్టింది, 'అరణ్య సంధ్య' అని.

చెప్పకపోతే ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. లోపలికి వెళ్ళి చెప్పాడు.

"చూడగానే అనుమానం వచ్చింది మేస్త్రీ!" అన్నారు అమ్మగారు. "ఆ పక్క గుహలా లేదూ?"

"అంత వెచ్చగా ఉందన్నది నా రంగునా?" అన్నారు అయ్యగారు. రభస మళ్ళీ మొదటికొచ్చింది.

మర్నాడు మేస్త్రీ ఆ పక్కంతా తిరిగి పూశాడు. మూత ఆమె తీసింది, రంగు ఆమె చూసింది, "కానీయ్" అన్నాకే ఆయన బ్రష్ ముంచాడు.

"కంటి ఆసుపత్రికి ఎప్పుడయ్యా?"

"ఈ గోడ ఆరనీవే."

"ఎప్పుడో ఆరింది. కనిపించట్లేదా?"

మేస్త్రీ బ్రష్ కడిగి, చొక్కా తొడుక్కున్నాడు.