ముందు గీత, తర్వాతే కత్తెర

నా నోటుపుస్తకాన్ని ఒక కాలేజీ లెక్చరరు విప్పకుండానే తిప్పి పంపాడు. అట్టమీద ఎర్రసిరాతో ‘గుండీలాట’ అని మాత్రం రాశాడు. అరవై ఏళ్ళయినా ఆ మంట చల్లారలేదు. అయితే ఈ ఉదయం ఇస్త్రీబండి దగ్గర తడిగుడ్డ ఆవిరి ముక్కుకు తగిలేసరికి, ఆ కోపాన్ని పక్కకు నెట్టి మస్తానన్న మనసులోకి వచ్చి నిలబడ్డాడు.

కోవూరులో ఆయన దర్జీ కొట్టు. అయిదో తరగతితో చదువాగిన నేను అక్కడ కాజాలు కుట్టేవాణ్ణి. పాత లెక్కల పుస్తకాలు కొని సొంతంగా చదివేవాణ్ణి. ఒకరోజు బల్లమీద సుద్దతో గుండ్రంగా అయిదు గళ్ళు గీసి, ఒక ఖాళీ గడికి రెండు పక్కలా ఒక్కో గుండీ పెట్టాను. నియమం ఒక్కటే: ఇరుగుపొరుగు గళ్ళలో ఒకదాంట్లోనే గుండీ ఉంటే ఈ గడిలో గుండీ ఉండాలి, రెండింటా ఉన్నా, రెండింటా లేకున్నా ఇది ఖాళీ. అన్ని గళ్ళూ ఒకసారి మారితే ఒక అడుగు. కొన్ని అడుగులకు మొదటి అమరిక తిరిగి రావాలని నా నమ్మకం. రాలేదు.

“ఏంది అబ్బయా, గుండీలతో కొట్లాటా?”

“తిరిగి రావాలన్నా. రావడంలా.”

ఆయన కాసేపు చూసి నవ్వాడు. “ఒకటి మార్చి, ఆ మారినదాన్ని చూసి పక్కది మారుస్తుండావు. కొలతలన్నీ గీసుకోకుండానే కత్తెరేస్తారా? మా బావమరిది చొక్కా అట్నే చెడగొట్టినా, ఇప్పటికీ పలకడు. పాతది కదిలించబాక. దాన్ని చూసి కొత్తదంతా పక్కన గీసుకో.”

పక్కన గీశాను. మూడో అడుగులో మొదటి అమరిక తిరిగొచ్చింది! ఏడు గళ్ళకు ఏడడుగులు, తొమ్మిదికీ ఏడే. నాలుగు గళ్ళయితే మొదటి అడుగులోనే అన్నీ మాయం. అలా నిండిన పుస్తకమే ఆ లెక్చరరు తిప్పి పంపింది.

దాన్ని ఇస్త్రీపెట్టె నిప్పుల్లో వేయబోతే మస్తానన్న లాక్కున్నాడు. “తొడిగి చూడకుండానే చొక్కా బాగలేదన్నోడి మాట ఒక మాటా? తొడిగి చూసేవోడికి పంపు.” తెల్లగుడ్డ చుట్టి, తనే కుట్టి, మద్రాసులో ఒక గణితాచార్యుడికి పోస్టు చేయించాడు.

నేటికీ ఎవరినైనా తప్పుపట్టబోయే ముందు జరిగిందంతా మనసులో గీసుకుంటాను. నాలాంటి కోపిష్టికి అది చిన్న వరం కాదు.

ఏడాది తర్వాత జాబు వచ్చింది. మిషను ఆపించి ఆయనకే చదివి వినిపించాను:

“అయ్యా, చింతగింజలతో నేనే వేసి చూశాను. పదకొండు గళ్ళకు మీరు రాసిన ముప్పై ఒకటి సరిగ్గా వచ్చింది. పాతది కదిలించవద్దన్న మొదటి పేజీ మాట లేకుంటే నేనూ పొరబడేవాణ్ణే. మీకది నేర్పిన గురువుగారెవరు?”