నాయనమ్మ మోకాలి సిమెంటు

మొన్న మా పిన్ని కూతురు గోళ్ళకు పొడవాటి కృత్రిమ గోళ్ళు పెట్టించుకుంటానంటే నెల్లూరులో ఒక బ్యూటీ పార్లరుకు తోడు వెళ్ళాను. అక్కడి అమ్మాయి కుంచెను ఏదో ద్రవంలో ముంచి తెల్లటి పొడిలో అద్దగానే ముక్కు మండే వాసన గదంతా కమ్ముకుంది, నాకు మా పెదనాన్న గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఎముకల ఆసుపత్రి ఆపరేషన్ థియేటరులో నేను టెక్నీషియనుగా చేరిన కొత్తలో రోజూ పీల్చిన వాసన అది. మోకాలి కీలు మార్చేటప్పుడు లోహపు భాగాన్ని ఎముకకు పట్టించే సిమెంటు కూడా ఆ జాతి సరుకే. పొడిలో ద్రవం పోసి గిన్నెలో కలిపితే పిండిముద్దలా అవుతుంది, చేతి తొడుగుకు అంటుకోని అదను చూసి డాక్టరు దాన్ని ఎముకకు మెత్తుతాడు, మిగిలిన చిన్న ఉండ నర్సు గుప్పిట్లో వేడెక్కి రాయిలా మారేదాకా రోగి కాలు కదపనివ్వరు.

ఆ థియేటరు బల్ల మీదికే ఒకరోజు మా నాయనమ్మ వచ్చింది. ఆమె కోరికల్లా ఆదివారం తన కాళ్ళ మీద తాను చర్చికి నడిచి వెళ్ళడం. మోకాళ్ళు పోయాక పెదనాన్న కారులో తీసుకెళ్ళేవాడు గానీ, దారిలో రొయ్యల బేరాలన్నీ ముగిసేదాకా ఆమెను ఎండలో కారులోనే కూర్చోబెట్టి, చర్చి గేటు దగ్గర మాత్రం తల్లిని మోసుకొస్తున్న కొడుకులా నిలబడేవాడు.

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్న ఆయనకు లోకంలో ఏ జబ్బుకైనా ఒకటే వైద్యం తెలుసు, ఇంకాస్త మందు పోయడం. చీము పట్టకుండా సిమెంటు పొడిలోనే యాంటీబయాటిక్ కలిపి వస్తుందని ఎవరో చెప్పగానే మందు సీసాలు కొని డాక్టరు గదిలోకి వచ్చేశాడు.

“పాకెట్టులో ఉండేది ఏం చాలుద్ది సార్? మా చెరువులో మందు తగ్గితేనే గదా రొయ్య చచ్చేది! దండిగా వెయ్యండి.”

మందు ఎక్కువైతే సిమెంటు బలం తగ్గుతుందని, కొన్నాళ్ళకు కీలు వదులైపోవచ్చని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

“మూడు మేడలు కట్టినోణ్ణి, సిమెంటు సంగతి నాకా చెప్పేది? కాదంటే చెన్నైకి తీసుకుపోతాను. మా ఊరోళ్ళు గూడా ఇంక ఈ గడప తొక్కరు.”

“సరే అన్నా, చూద్దాం” అన్నాడు డాక్టరు. సీసాలు నా చేతికొచ్చాయి.

థియేటరులో నడుము కింద మాత్రమే మత్తిచ్చారు కాబట్టి నాయనమ్మ మెలకువగానే ఉంది. సిమెంటు ద్రవం మూత తియ్యగానే వచ్చిన వాసనకు మొహం చిట్లించి, “ఏందే ఈ కంపు, నన్ను కూడా మీ పెదనాన్న చెరువులో దించినారా?” అంది. డాక్టరు నా చేతిలోని సీసాల వంక, తలుపు వంక మార్చి మార్చి చూశాడు. ఆ క్షణంలో ముసలామె నడక మొత్తం ఒక చదువుకున్న పిరికివాడి చేతిలో ఉంది. చివరికి “వాటిని అవతల పెట్టమ్మా” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మీద పుట్టిన ఆ కాస్త గౌరవం వరండా దాకా కూడా నిలవలేదు. బయటికి రాగానే పెదనాన్న భుజం తట్టి, “మీరు చెప్పినట్టే దండిగా వేశామన్నా” అన్నాడు.

నాయనమ్మ కోలుకుని, బతికినంతకాలం చర్చికి నడిచే వెళ్ళింది, పెదనాన్న కారు పక్కన ఆగినా తల తిప్పేది కాదు. ఆయన మాత్రం చర్చిలో అందరూ కలిసి భోంచేసే ప్రతి ప్రేమవిందులోనూ ఆ మోకాలు తన మందు వల్లే నిలిచిందని చెప్పుకున్నాడు. రొయ్యల్లో మందు ఆనవాళ్ళున్నాయని సరుకు వెనక్కి పంపితే కూడా కొన్నవాళ్ళకే బుద్ధి లేదన్నాడు.

ఇప్పుడు మా థియేటరులో సిమెంటును మూత బిగించిన గొట్టంలో కలుపుతారు, వాసన పెద్దగా బయటికి రాదు. “సరే అన్నా” అనే డాక్టర్లకు మాత్రం కొదవ లేదు. పెదనాన్న ఇంకా పెద్ద కారు కొన్నాడు, ఆదివారం మా ఇంటిల్లిపాదీ అందులోనే చర్చికి పోతారు. నాయనమ్మ సమాధి మట్టిలో ఆ సిమెంటు ఇప్పటికీ గట్టిగానే ఉండి ఉంటుంది. చర్చి దారిన నడిచే మనిషే మా ఇంట్లో లేదు.