గంగాభవాని కారు వెనక

అనకాపల్లి గవరపాలెంలో ఆడవాళ్ళకి కారు నేర్పేది గంగాభవాని. ఆమె తాను నేర్చుకున్నదే నలభై దాటాక. భర్త దేవీప్రసాద్ స్కూలు బస్సు నడిపేవాడు. షుగరు ముదిరి చూపు మందగించాక స్టీరింగు వదిలేశాడు. అతణ్ణి కంటి ఆసుపత్రికి తిప్పడానికి ఇంట్లో ఉన్న పాత కారు ఆమె చేతికొచ్చింది. పక్క సీట్లో కూర్చుని, దారి కనపడకపోయినా ఇంజను చప్పుడు వింటూ అతనే నేర్పాడు. ఆమె బజారులో ధైర్యంగా బండి తిప్పడం చూసి వీధిలో వాళ్ళు "మాకూ నేర్పు వదినా" అంటూ వచ్చారు. ఎడమవైపు సీటు ముందు తన కాలికి అందేలా ఇంకో బ్రేకు బిగించుకుని పని మొదలుపెట్టింది.

రివర్సు నేర్పడానికి ఊరి బయట ఒక ఖాళీ జాగా ఉండేది. ఒకప్పుడు చెరుకు తోట. లేఅవుటు వేసి, రాళ్ళు పాతి, అమ్ముడుపోక వదిలేశారు. మొన్న వేసవిలో అక్కడ ఇందు అనే టీచరమ్మ నేర్చుకుంటోంది. దేవరాపల్లి స్కూల్లో ఉద్యోగం, బస్సులు పట్టుకోలేక కారు కొనుక్కుంది. ఒక ఉదయం ఇందు గంగాభవాని కారుని మెల్లగా వెనక్కి తీస్తుంటే రివర్సు సెన్సారు పీక్ పీక్ అని మొదలెట్టి, ఒక్కసారిగా ఆపకుండా కూసింది. బంపరుకి ఏదో ఆనినంత దగ్గరగా ఉంటేనే అలా కూస్తుంది. ఇద్దరూ దిగి చూశారు. వెనక ఏమీ లేదు. ఎండిన గడ్డి, అంతే.

పదడుగులు పక్కకి జరిపితే కూత ఆగింది. మళ్ళీ అక్కడికే వెళ్తే మళ్ళీ మొదలు.

"మేడమ్, ఇంకో చోటికి వెళ్దామా?" అంది ఇందు.

మర్నాడు గంగాభవాని భర్తని ఎక్కించుకుని వచ్చింది. ఏమీ చెప్పకుండా, సెన్సారు మీట ఆపేసి, అదే చోటికి రివర్సు తీసింది. దేవీప్రసాద్ తల పక్కకి వంచి విన్నాడు.

"ఆపే, ఆపు. ఎనకాల గోడుంది."

"గోడేటి? బయలు కదా ఇది."

"సప్పుడు తగిలి తిరిగొత్తంది. బస్సు షెడ్డులో గోడకి పెట్టినప్పుడు ఇలాగే ఇనపడీది. నడుమెత్తు గోడ."

గంగాభవాని సెన్సారు మీట వేసి, ఒక్కో దిక్కు నుంచీ వెనక్కి వచ్చి, కూత గట్టిపడిన చోటల్లా బంపరు కింద ఒక రాయి పెట్టింది. అన్ని వైపుల నుంచీ అయ్యాక దూరంగా నిలబడి చూసింది. రాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. మధ్యలో గడ్డి గాలికి కదులుతోంది. వాటి లోపలికి అడుగు పెట్టబోయి, ఎందుకో వెనక్కి తగ్గింది.

మెకానిక్కు చంటిబాబు సెన్సార్లు విప్పి చూసి పెదవి విరిచాడు. "నీళ్ళు దిగి పాడైపోయుంటాయక్కా. మార్సీడమే. కంపెనీవి కావాలంటే పాత మోడలు, ఆర్డరు పెట్టాలి, ఎప్పుడొత్తాయో తెలీదు. లోకలువైతే ఇప్పుడే బిగించేత్తాను. పనొకటే."

"నీ షెడ్డు గోడ దగ్గర బాగానే కూత్తన్నాయి కదరా?"

"పాత సెన్సార్లంతే అక్కా. ఓసారి నిజం, ఓసారి అబద్ధం."

నేర్చుకునేవాళ్ళు భయపడుతున్నారు. పాడైపోయాయన్న మాటే ఆమెకీ తేలిగ్గా తోచింది. లోకలువే పెట్టించింది.

అవి బుద్ధిగా పనిచేశాయి. గేటు దగ్గర కూశాయి, అడ్డొచ్చిన గేదెకి కూశాయి. ఖాళీ జాగాలో ఆ చోట మాత్రం ఒక్క పీక్ అనలేదు. ఇందు ఊపిరి పీల్చుకుంది. గంగాభవానికి మాత్రం బండి అటు వెళ్ళినప్పుడల్లా, ఎవరినో అడగకుండా తోసుకుంటూ పోతున్నట్టు అనిపించేది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది.

వానలు పట్టాయి. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసి వెలిసిన ఉదయం ఇందు రివర్సు తీస్తోంది. సెన్సారు కూయలేదు. గంగాభవాని కాలు అలవాటుగా బ్రేకు తొక్కింది. బండి ఆగింది. ఆగిన మరుక్షణం వెనక నేల మెత్తగా, చప్పుడు లేకుండా కుంగిపోయింది. ఒక చక్రం గాల్లోకి దిగి, బండి వెనక్కి ఒరిగింది.

"మెల్లగా దిగు తల్లీ. కుదుపొద్దు."

ముందు తలుపుల్లోంచి ఇద్దరూ జారి దిగారు. వెనక నల్లటి నోరు తెరుచుకుని ఉంది. మట్టి పెళ్ళలు విరిగి పడుతున్నాయి. పడినవి చాలాసేపటికి గానీ నీళ్ళలో చప్పుడు చేయడం లేదు.

కేకలు విని పక్క పొలంలో కలుపు తీస్తున్న రామాయమ్మ పరిగెత్తుకొచ్చింది. ముసలావిడ గోతిని చూసి నోరు నొక్కుకుంది.

"ఇక్కడ మా మావగారి నుయ్యుండీదమ్మా. చుట్టూ గట్టు, ఇదిగో, నడుంకాడికొచ్చీది. ప్లాట్లేసినోలు గట్టు కొట్టేసి, తాటి దుంగలు పరిసి, మన్ను పోసేసేరు."

"గట్టు ఎంత మేర ఉండేది?" అని అడిగింది గంగాభవాని.

రామాయమ్మ చెయ్యి చాపి, గంగాభవాని పెట్టిన రాళ్ళ వెంటే గుండ్రంగా గాలిలో గీసి చూపించింది. ఇందు ఏడవడం మొదలుపెట్టింది.

ట్రాక్టరుతో కారు లాగించారు. బంపరు విరిగి, సెన్సార్లు నూతిలోనే పోయాయి. చంటిబాబు ఈసారి చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు.

"ఒక మాట సెప్పనా అక్కా. ఈ సెన్సారు కింద గొయ్యుంటే పట్టదు. లోకలైనా, కంపెనీదైనా. ఎదురుగా ఏటైనా నిలబడితేనే దానికి తెలుత్తాది."

"అదే నేనూ అనుకుంటన్నాను."

"మరి పాతవి దేన్ని సూసేయి?"

"కంపెనీవి తెప్పించు. ఎన్నాళ్ళైనా పరవాలేదు" అంది.

అవి వచ్చేదాకా క్లాసులు ఆపేసింది. బిగించిన రోజున ఒంటరిగా ఆ జాగాకి వెళ్ళింది. నూతి చుట్టూ తాడు కూడా కట్టలేదు ఇంకా. నేల మీద ఒట్టి గొయ్యి. నూతికి దూరం కొలుచుకుని బండి నిలిపి, బ్రేకు మీద కాలుంచి, కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చింది. పీక్ మంది. ఇంకొంచెం. పీక్ పీక్. అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆపకుండా కూసేదాకా ఉండలేక ముందుకి తీసేసింది. ఇంటికొచ్చి భర్త పక్కన కూర్చుంది. "ఉందా?" అన్నాడతను. "ఉంది" అంది.

పంచాయతీకి చెప్పి, లేఅవుటు వాళ్ళ వెంటపడి ఆ నూతిని రాళ్ళతో పూడ్పించేదాకా వదల్లేదు. క్లాసులు వేరే చోటికి మార్చింది. ఇందుకి లైసెన్సు వచ్చింది. ఇప్పుడు రోజూ తానే దేవరాపల్లి నడుపుకుని వెళ్తోంది.

గంగాభవాని ఇంకా నేర్పుతూనే ఉంది. ఎప్పుడైనా, పట్టపగలే, మామూలు సందులోనే, వెనక ఏమీ లేకుండా సెన్సారు కూస్తుంది. నేర్చుకునే అమ్మాయి దిగి చూడబోతే భుజం పట్టి ఆపుతుంది. బండి ముందుకి తీయించి, వేరే దారిన తీసుకెళ్తుంది.