గట్టు మీద విడిచిన చెప్పులు

తీగ మీద కూర్చున్న పిట్టకు ఏమీ కాదు, మనిషి ముట్టుకుంటే ఎందుకు పోతాడని అడిగావు కదా చిన్నీ? పిట్ట కాలు నేలకు తగలదు, అందుకని. కరెంటుకు నేలలోకి పోయే దారి కావాలి. తడినేల మీద వట్టి కాళ్ళతో నిలబడి తీగ ముట్టుకుంటే మనమే ఆ దారి. చేతిలో దూరి, గుండె మీదుగా పాదాల్లోకి దిగుతుంది. గుండె కొట్టుకోవడం మరిచిపోయి వణుకుతుంది. మొన్న మంగళవారం బాగలూరు దగ్గర బంతితోటలో మీ నాగరాజు తాత, నా ఒక్కగానొక్క తమ్ముడు, అట్లాగే పోయాడు. ఫోన్ వచ్చినప్పుడు బియ్యం ఏరుతున్నాను. 'ఎవరు, ఎవరు' అని మళ్ళీ మళ్ళీ అడిగానట.

శవం చుట్టూ చేరినవాళ్ళది ఒకటే పాట. "కరెంటే ఆయప్పకు భయపడతా ఉండె!" ఇంత బుద్ధిలేని పొగడ్త నేనెక్కడా వినలేదు. భయపడేదే అయితే చంపుతుందా?

ఊళ్ళో ఎవరి మోటరు ఆగినా నాగరాజే పోవాలి. టెస్టర్ జేబులోనే ఉంచుకుని, చేతి వెనకవైపుతో తీగను తాకి చూసేవాడు. అరచేత్తో తాకితే కండరాలు బిగిసి వేళ్ళు తీగనే పట్టుకుంటాయి, వెనకవైపైతే చెయ్యి విదిలించుకుని వస్తుంది. అది వాడికి బాగా తెలుసు. తెలిసీ, చుట్టూ నలుగురు చేరగానే, "నా రగతమే వేరే. మీకు షాకు, నాకు చక్కిలిగింత" అని ఇకిలించేవాడు. వాళ్ళు నోరు తెరిచి చూసే ఆ చూపు కోసమే ఆ వేషమంతా.

కాళ్ళకు మాత్రం మందపాటి రబ్బరు చెప్పులు. మా మిక్సీ బాగుచేయడానికి వచ్చినా వాటిని విప్పలేదు.

"రేయ్, వంటింట్లోకి చెప్పులేసుకొని వస్తావా?"

"పని మీద ఉండాను కదక్కా."

"నీ రగతం వేరే కదరా, ఇంక చెప్పులు యాలరా?"

"కాఫీ పెట్టక్కా, తల నొస్తా ఉంది."

మా వైపు బంతితోటలో తొలి కోత పూలు గంగమ్మకు. ఆ పొద్దు తోటలోకి చెప్పులతో ఎవరూ దిగరు, గట్టు మీదే విడుస్తారు. నీళ్ళు పారుతుండగా సరిగ్గా ఆ పొద్దే మోటరు ఆగింది. వాడూ అందరిలాగే చెప్పులు విడిచి దిగాడు.

"మెయిన్ ఆపి చూడన్నా, నేలంతా తడి" అందట పూలు కోసే మునెమ్మ.

"నాకే చెప్తావా? నువ్వు పూలు కొయ్‌మ్మా" అని ఎప్పట్లాగే తీగ మీదికి చెయ్యి చాపాడట. చెయ్యి విదిలించుకుని వచ్చింది. మనిషి లేవలేదు.

వాణ్ణి ధీరుడని నా ముందు ఎవరూ అనొద్దు. అయినా, పిలవగానే సైకిలెక్కి వచ్చి, వంటింట్లో చెప్పులతో నిలబడి నాతో తిట్లు తినేవాడు ఇక ఎవరున్నారు నాకు?

గట్టు మీది ఆ చెప్పులు నేనే తెచ్చుకున్నాను. చూసినప్పుడల్లా ఒకటే అడుగుతాను. అంతా వేషమేనని తెలిసినవాడు ఆ తడిలో వట్టి కాళ్ళతో చెయ్యి చాపడు కదా. రేయ్ నాగరాజా, నీ మాటను నువ్వే నమ్మినావేమిరా?