మామ్మ అడిగిన సినిమా ప్రశ్నలు

నా పెళ్ళి ఒక విలన్ మొహం దగ్గర ఆగిపోయింది. ఆయన నలుపు తెలుపు సినిమాల నాటి నటుడు, పోయి చాలా కాలమైంది. మా ఇంటికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆగిపోయింది. కారణం మా మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి.

నరసన్నపేటలో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ మామ్మది. పాత సినిమాల ఛానల్ తప్ప ఇంకోటి పెడితే రిమోట్ లాక్కుని కొంగున కట్టేసుకునేది. సినిమా నడుస్తున్నంతసేపూ పక్కన ఈవిడ వ్యాఖ్యానం నడిచేది.

"ఈ దగ్గుతన్న ముసిల్ది ఉన్నాదే, కొడుకు కోసం ఏడస్తన్నాది సూడు. ఆ కొడుకు ఏసం ఏసినోడి కన్నా ఈవిడే సిన్నది!"

"ఈ జడ్జిగారున్నాడే, ఇంటికాడ నోరే లేదు. పెళ్ళాం కూకోమంటే కూకుంటాడు, నెగమంటే నెగుస్తాడు."

ఈ సంగతులన్నీ ఎక్కడివనుకున్నారు? మామ్మ తమ్ముడికి కిరాణా కొట్టుండేది. ఆయన పాత సినిమా పత్రికలు కట్టలకొద్దీ కొని వాటితో పొట్లాలు కట్టేవాడు. చింతపండూ మిరపకాయలూ డబ్బాల్లో పోసుకున్నాక మామ్మ ఆ కాగితాల్ని చేత్తో సాపు చేసి చదివేది. అందుకే ఆవిడ చెప్పే సినిమా చరిత్ర కాగితం చిరిగిన చోట ఆగిపోవాలి. కానీ ఆగేది కాదు. ఒక హీరోయిన్ షూటింగులో గుర్రం మీంచి పడిపోయింది. అక్కడితో కాగితం అయిపోయింది. "మరి తర్వాత ఏమైంది మామ్మా?" అంటే, "ఏటవుతాది, గుర్రాన్ని మార్చీసినారు" అనేది తడుముకోకుండా. ఆవిడ చెప్పిన దాంట్లో సగం అచ్చు, సగం మామ్మ. ఏది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఆ రోజుల్లో పెద్ద హీరో ఒకాయన పేరూ, మా తాత పేరూ ఒకటే. భర్త పేరు నోటితో పలకడం మామ్మ తరం ఆడవాళ్ళకి కానిపని. తాత పోయినా ఆ పట్టింపు మాత్రం పోలేదు. దాంతో ఆ హీరోకి పేరు లేకుండా పోయింది. ఒక్కడికే పేరు ఎగరగొడితే బాగుండదనుకుందో ఏమో, మొత్తం సినిమా పరిశ్రమకే పేర్లు తీసేసింది. జడ్జిగారు, దగ్గుల అమ్మ, తలుపు చాటు నుంచి వినే విలన్ అయితే తలుపు చాటోడు. నేనిక్కడ ఎవరి పేరూ రాయకపోవడం కూడా ఆ పెంపకం ఫలితమే. తాతకి ఆ హీరో పేరే కాదు, మొహం కూడా వచ్చిందని ఊళ్ళో అనేవారట. హాల్లో ఉన్న ఫోటో చూస్తే అబద్ధమని అనలేం.

మామ్మ మనుషుల్ని తూచేది కూడా ఆ మొహాలతోనే. మా పాలవాడిది కమెడియన్ ముక్కు కాబట్టి, పాలల్లో నీళ్ళు కలిపినా తిట్టేది కాదు. మా చిన్నాన్నకి వచ్చిన ఒక మంచి సంబంధాన్ని, పిల్లకి సినిమాల్లో గయ్యాళి అత్త గడ్డం ఉందని తిప్పి పంపేసింది. చిన్నాన్న ఆ గడ్డాన్ని తలుచుకుని ఇప్పటికీ నిట్టూరుస్తాడు, పిన్ని వంటింట్లో ఉన్నప్పుడు.

అలాంటి ఇంట్లో పుట్టి, నేను విజయనగరంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, అక్కడే లెక్కలు చెప్పే బొబ్బిలి అబ్బాయిని ఇష్టపడ్డాను. నాన్న అన్నీ విచారించుకుని, "మా అమ్మ సరే అంటే నాకూ సరే" అన్నాడు. సరేనని ఫోన్లో అతని ఫోటో మామ్మకి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోన్ని ఓసారి దూరంగా, ఓసారి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఓలమ్మో! ఈడు తలుపు సాటునుండి ఇనీవోడు కదే!"

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకు తట్టలేదు గానీ, అచ్చం అలాగే ఉన్నాడు. అదే సన్నమీసం. నవ్వితే ఒకవైపే లేచే పెదవి. నా కర్మ.

"మామ్మా, ఆయన వేసినవి అలాంటి వేషాలు. బయట చాలా మంచివాడట, నెట్లో చదివాను" అన్నాను.

"నాకు సెప్తన్నావేటే? సిగరెట్టు కూడా కాల్సడు. సినిమాలో కాల్సమంటే దగ్గొచ్చి సచ్చీవోడంట, పాపం. అయితే ఏటి? మొహం మొహమే. ఆ మొహాన్ని సూసుకుంటా అన్నం ఎలగ తింటావే గుంటా?"

ఇక వాదించి లాభం లేదని ఇంకో దారి పట్టాను. సినిమా తెలిసిన మనిషి ఎదురైతే మామ్మ కరిగిపోతుంది. కాబట్టి పెళ్ళిచూపులకి ముందు అతనికి ఫోన్లో పాఠాలు మొదలుపెట్టాను. ఆ మనిషికి సినిమా అంటే నిద్ర. పేర్లు పడేలోపే గురక పెడతాడు. జడ్జిగారి సంగతి, హీరోయిన్ సంగతి, దగ్గుల అమ్మ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, "ఆగు, గుర్రం మీంచి పడింది దగ్గుల అమ్మా?" అనేవాడు. పిల్లలకి లెక్కలు ఎలా చెబుతున్నాడా అని నాకు అనుమానం వచ్చింది.

పెళ్ళిచూపులకి అతనూ, వాళ్ళమ్మా, మేనమామా వచ్చారు. అమ్మ పలాస జీడిపప్పు వేయించి పెట్టింది. టీవీ నడుస్తూనే ఉంది, మామ్మ టైములో దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేదు. సరిగ్గా అప్పుడే, నన్ను ఏడిపించడానికన్నట్టు, తెర మీద తలుపు చాటు నుంచి ఆ విలన్ బయటికొచ్చాడు.

"ఓరి, ఇదేట్రా! అచ్చు నీలాగే ఉన్నాడు!" అన్నాడు మేనమామ.

అతను తెర వైపు చూసి నవ్వాడు. పెదవి ఒకవైపే లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను.

మామ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఏం బాబూ, అదిగో ఆ దగ్గుతన్నావిడ, ఆ కొడుకు ఏసం ఏసినోడి కన్నా పెద్దదా, సిన్నదా?"

నేను నూరిపోసిన పాఠమే. అతను చేతిలో జీడిపప్పు పళ్ళెంలో పెట్టేసి, "తెలీదు మామ్మగారూ" అన్నాడు.

అతన్ని కొరకొరా చూశాను. నా వైపు చూస్తే కదా.

ఈలోగా హీరోయిన్ వీణ పట్టుకుని కూర్చుంది. "పోనీ ఇది సెప్పు. వీణల ఊరోడివి కదా, ఆ తీగల మీద ఏళ్ళు ఈవిడివేనా?"

"కాదని సెప్పరా!" అని గుసగుసలాడాడు మేనమామ.

"తెలీదండీ. మా ఊళ్ళో వీణలు చేస్తారు గానీ, నాకు వాటి గురించి ఏమీ తెలీదు."

అప్పుడు పాట మధ్యలోకి హీరో వచ్చాడు. మామ్మ చిరాగ్గా వేలు చూపించి, "పోనీ ఈయనెవరో అదైనా తెలుసా?" అంది. అది ప్రశ్నే కాదు. ఆయన్ని గుర్తుపట్టనివాళ్ళు తెలుగునాట ఉండరు.

అతను తెర వైపు పరీక్షగా చూశాడు. "తెలీదు మామ్మగారూ. ఎవరండీ ఆయన?"

ఇక నా పెళ్ళి కానట్టే అనిపించింది. పైగా అమాయకంగా ఎదురు ప్రశ్న వేశాడు, అదీ తాత పేరే, మామ్మ చచ్చినా పలకనిది. నాన్న కంగారుగా లేచి, "ఆయనా, ఆయన..." అని ఏదో అందించబోయాడు. మామ్మ చేయెత్తి ఆపింది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆ పేరు చెప్పేసింది. గొంతు తగ్గించకుండా, పూర్తిగా చెప్పింది.

నాన్న మళ్ళీ కూర్చుండిపోయాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు. టీవీలో పళ్ళపొడి ప్రకటన వచ్చింది.

"ఒరే, మంచి రోజు సూడు" అంది మామ్మ నాన్నతో.

వాళ్ళు వెళ్ళాక మామ్మని వంటింట్లో పట్టుకున్నాను. "ఒక్కదానికీ జవాబు చెప్పలేదు కదా మామ్మా. పైగా తలుపు చాటు మొహం. ఎలా ఒప్పుకున్నావు?"

"మీ తాతది హీరో మొహమే కదే. ఆ మొహం సూసే మా నాన్న నన్నిచ్చీసినాడు. ఆ నోట తెలీదన్న మాట నానెప్పుడూ ఇనలేదు. ముకలింగం గుడికి తీసుకెల్తానని బండి కట్టించి, దారి తెలుసు తెలుసంటా అవతల ఒరిస్సా పర్లాకిమిడిలో తేల్చినాడు."

నేను పడిపడి నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత జీడిపప్పు పళ్ళెం దగ్గరికి లాక్కుని, మాడిన పలుకులు ఏరుతూ చెప్పింది.

"మీ పెద్దత్తకి జొరం వచ్చినప్పుడూ తెలుసన్నాడు. డాక్టరు కాడికి ఎల్దామంటే, నాకు తెలీదేటి అని ఏదో పసరు పోసీసినాడు."

నాన్నకి ముందు ఒక అక్క పుట్టిందనీ, చిన్నప్పుడే పోయిందనీ నాకు తెలుసు. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నా నవ్వు ఆగిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించి పట్టుకున్నాను.

"ఆ గుంటడు సూడు, అంతమంది ముందల, పెళ్ళిసూపుల్లో కూకుని, తెలీదు, తెలీదు అన్నాడు. సిగ్గేటీ పడనేదు" అంది మామ్మ. "రేపు నీ పిల్లకి జొరమొస్తే అడుగుతాడే ఆడు. ఎవుర్నో ఒకర్ని అడుగుతాడు."