నల్ల అంకె బంతి

మా ఆయన గోల్ఫ్ ఆడాడంటే శాలిబండలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఎనభైల్లో ఆయన పనిచేసే ప్రభుత్వ కర్మాగారానికి కొత్తగా వచ్చిన పెద్ద సారు, ఆదివారాలు సికింద్రాబాద్‌లో మిలిటరీవాళ్ళ మైదానంలో ఆడేవాడు. నాలుగో మనిషి తక్కువై ఒకసారి ఈయనను రమ్మన్నాడు. ఇక ఈయన కాళ్ళు నేల మీద ఆగలేదు.

ఆ మైదానం మధ్యలో బంతి దాటించాల్సిన ఒక నాలా, నీళ్ళ కాలువ. మూడు ఆదివారాలు ఈయన కొట్టిన ప్రతి బంతీ అందులోనే పడింది. "వచ్చే వారం కూడా దాటకపోతే ఇంకొకర్ని చూసుకోవాలె" అని సారు నవ్వుతూ అన్నాడట. నవ్వుతూ అన్నందుకే ఈయనకు అన్నం సయించలేదు.

వాడిన బంతులు జుమేరాత్ బజార్‌లో పాత సామాను అమ్మే ఒక ముసలాయన దగ్గర దొరికేవి. నేనూ వెంట వెళ్ళాను. ముసలాయన గోనెసంచిలోంచి తెల్ల బంతులు రెండు కుప్పలు పోశాడు, ఒకదాంట్లోవాటి మీద నల్ల అంకెలు, ఇంకోదాంట్లోవాటి మీద ఎర్ర అంకెలు.

"నల్ల నంబర్‌వి గట్టివి సాబ్, జోర్‌గ కొట్టెటోళ్ళకు. లాల్ నంబర్‌వి జర మెత్తగుంటయి. నిమ్మళంగ కొట్టెటోళ్ళకు, బేగంసాబ్‌లకు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మా ఆయన చెయ్యి నల్ల కుప్ప మీదికి పోయింది.

"పెద్ద సారు నల్లదే వాడుతడు."

"మొన్న మీ వెంట వచ్చినప్పుడు సారు ఆట నేను గూడ చూసిన" అన్నాను. " ఆయన కర్ర తిప్పితె గాలి కోసిన సప్పుడొస్తది. మీరు తిప్పితె పొయ్యికి విసనకర్ర విసిరినట్టుంటది. దెబ్బ జోర్‌గ తాకితెనే గట్టి బంతి నొక్కుకొని లేస్తది. మీ దెబ్బ తాకిన సంగతి దానికి ఎరుకనే గాదు."

"నువ్వు బీయస్సీ చదివితె గోల్ఫ్ వస్తదా? ఆడోళ్ళ బంతితోని ఆడాల్నా నేను?"

ముసలాయన గోనెసంచిలోకి తల దూర్చి నవ్వుకున్నాడు. మా ఆయన నల్లవి ఆరు ఏరుకున్నాడు. ఆయన ముందు నడవగానే నేను ఎర్రవి ఆరు సంచిలో వేసుకున్నాను.

శనివారం ఆయన క్షవరానికి వెళ్ళినప్పుడు మిద్దె మీద కూర్చుని, నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలతో మ్యాపులు గీయించే నల్ల సిరాతో ఎర్ర అంకెలు దిద్దాను. పైన రంగులేని గోళ్ళ పాలిష్ పూసి, ఆయన బంతుల స్థానంలో పెట్టాను. వాదించలేక కాదు. వాదనలో నేను గెలిచినా బంతి నాలాలోనే పడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం బూట్లు విప్పకముందే మొదలుపెట్టాడు.

"దాటింది. రెండుసార్లు దాటింది. చూసినవా, నల్ల నంబర్ అంటె ఏందో?"

మాట నోటిదాకా వచ్చింది. మింగాను. నా జన్మలో నేను మింగిన మాట బహుశా అదొక్కటే.

సారు బదిలీ అయ్యేదాకా, ఏడాదిపాటు, ఈయన నల్లవి కొనుక్కురావడం, నేను ఎర్రవి దిద్దిపెట్టడం. మొఘల్‌పురా నుంచి వచ్చిన తోడల్లుణ్ణి కూర్చోబెట్టి, బలమున్న చేతికి నల్ల బంతే సరి అని ఈయన వివరిస్తుంటే, టీ గ్లాసులు పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని.

ఒకరోజు నా వేళ్ళ మీది సిరా చూశాడు. "ఏంది, ఇంక మ్యాపులు గీయిస్తనే ఉన్నరా బళ్ళె?"

"అవునండి" అన్నాను. "నదులు మస్తున్నయి."